నాలుగో సీసా

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. మా అమ్మ మదనపల్లెలో నర్సు. చిన్నప్పుడు స్కూలు అయిపోగానే నేను ఆసుపత్రికే పోయేదాన్ని. శవాల గదికి ఎదురుగా ఉన్న బల్లమీద కూర్చుని పెరుగన్నం తిని, అక్కడే హోంవర్కు రాసుకున్నదాన్ని. ఏ దయ్యమూ వచ్చి నా లెక్కలు తప్పని చెప్పలేదు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు కూడా అలాంటివి నమ్మొద్దనే చెప్పేవారు. పెద్దయ్యాక సైన్సు చదివాను, ఇక నమ్మే దారే లేకుండా పోయింది.

హాస్టల్లో కరెంటు పోతే చాలు, ఎవరో ఒకరు వాళ్ళ చిన్నాన్నకు బైకు మీద కనిపించిన తెల్లచీర గురించి మొదలుపెట్టేవాళ్ళు. "ఆ చీరకు వేరే పనీపాటా లేదా" అని నేను దుప్పటి ముసుగు తన్నేదాన్ని. అందుకే ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నా దగ్గర చదువుకునే పిల్లలు దీన్ని చూస్తే ఏమనుకుంటారో నాకు తెలుసు. అనుకోనివ్వండి.

మనుషుల పేర్లు మార్చాను. ఊరి పేరు రాయడం లేదు. పుంగనూరుకు ఇవతల, పలమనేరు రోడ్డు దిగి కిలోమీటరు లోపలికి నడవాలి, అంతవరకు చాలు. మిగతాదంతా నా నోటుబుక్కులో ఆ వారమే రాసిపెట్టుకున్నది.

అప్పుడు నేను కుప్పంలో పరిశోధన చేస్తున్నాను. విషయం టమోటా. "మదనపల్లె పిల్లవు, ఇంకేం ఎంచుకుంటావులే" అని మా గైడు గారు నవ్వేవారు. నా ప్రశ్న చాలా చిన్నది. కొన్ని కాయలు కోసిన రెండో రోజుకే మెత్తబడతాయి, కొన్ని రోజుల తరబడి గట్టిగా ఉంటాయి. ఎందుకు?

మొక్కలో ప్రతి కణం చుట్టూ చక్కెరలతో కట్టిన గోడ ఉంటుంది. కణకవచం అంటారు. ఆ గోడను పట్టి ఉంచేవాటిలో ముఖ్యమైనది పెక్టిన్. అది పొడవాటి చక్కెర గొలుసు, దానికి పక్కన చిన్న చిన్న కొమ్మలుంటాయి. కాయ పండేకొద్దీ ఆ కొమ్మలు ఊడిపోతాయి, గోడ వదులవుతుంది, కాయ మెత్తబడుతుంది.

కొమ్మలు ఉన్నాయా ఊడాయా అన్నది కంటికి కనిపించదు, మైక్రోస్కోపుకూ కనిపించదు. దానికి ఎన్‌ఎంఆర్ కావాలి. పాల డెయిరీ ట్యాంకు లాంటి పెద్ద అయస్కాంతం అది. పెక్టిన్‌ను భారజలంలో కరిగించి, సన్నటి గాజు గొట్టంలో పోసి అందులోకి దించుతారు. రేడియో తరంగాలు పంపితే ఏ చక్కెర ఏ చక్కెరను ఎటువైపు పట్టుకుని ఉందో కాగితం మీద గీతలుగా వస్తుంది. కొమ్మలుంటే ఒకచోట గీత నిక్కి లేస్తుంది. లేకపోతే అక్కడ చదునుగా ఉంటుంది.

ఆ యంత్రం కుప్పంలో లేదు. బెంగళూరులో నెలల ముందు చెప్పిపెట్టుకుని, మన వంతు వచ్చినరోజు పొద్దున రైలుకు సీసాలు పట్టుకుని పోవాలి.

ఇక నంజమ్మవ్వ. నాటు టమోటా అంటే మా వైపు పులుపుకు మంచిది, నిలవకు పనికిరాదు. కానీ ఆమె పొలంలోని నాటు కాయ పన్నెండు రోజులైనా నలగదు. వాళ్ళమ్మ ఇచ్చిన విత్తనమట. మండీలో ఒక రైతు చెబితే నమ్మక, వెక్కిరించడానికే పోయాను. బుట్టెడు కాయలు తెచ్చుకుని హాస్టల్ కిటికీలో పెట్టాను. పన్నెండో రోజు కూడా బొటనవేలితో నొక్కితే దిగలేదు.

ఆ తర్వాత ఎన్నిసార్లు పోయానో. నంజమ్మవ్వది పెద్ద నోరు. నన్ను చూడగానే మొదలుపెట్టేది. "ఏం పాపా, ఇంకా సన్నబడిపోయినావే. టమోటాలు కోసేదే గానీ తినేది లేదా? ఆ కాయల్తోనే కాపురం జేస్తావా ఏంది?" కాయ మంచిదో కాదో ఆమె తొడిమె పక్కన వేళ్ళతో తడిమి చెప్పేది, చూసేది కాదు. నేను యంత్రం గురించి చెబితే శ్రద్ధగా విని, "ఇంతా జేసి నువ్వు సెప్పేది నా వేలు సెప్పేదే గదా" అనేది. ఆ పొడి ఎట్లుంటుందో ఒకసారి తెచ్చి చూపించమనేది. సరే అన్నాను.

ఆమె కొడుకు కిష్ణప్ప మంచివాడు, పనిమంతుడు. కానీ నాటు కాయ కాపు తక్కువ. పొలం మొత్తం హైబ్రిడ్ పెట్టాలని అతని పట్టుదల. అమ్మకు ఒంట్లో సత్తువ లేదు, ఆమె చేసుకునే నాలుగు సాళ్ళ పని కూడా ఇక తనమీదే పడుతుంది. చివరికి తల్లీకొడుకులు నన్ను మధ్యలో పెట్టి ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ కాయ నిజంగా వేరే అని నా రిపోర్టులో వస్తే ఆ నాలుగు సాళ్ళు ఉంటాయి. మామూలు కాయే అని వస్తే ఈసారి నుంచి నాటు విత్తనం మానేస్తారు.

ఒకసారి మానేస్తే మళ్ళీ ఎవరూ నాటరని ముగ్గురికీ తెలుసు. ఆ ఏడాది వానలకు కాపు పోయి ఆమె చేతికి వచ్చిన విత్తనం గుప్పెడే.

నేను ఆరు సీసాలు తయారుచేశాను. ఒకటి, రెండు, మూడు నంబర్లవి నంజమ్మవ్వ కాయలు. నాలుగు, ఐదు, ఆరు మండీలో కొన్న హైబ్రిడ్ కాయలు. ఉడికించి, కడిగి, వడకట్టి, పెక్టిన్ తీసి, గడ్డకట్టించి ఆరబెట్టేసరికి నెలలు పట్టింది. చివరికి ఆరింటిలోనూ మిగిలేది బూరుగు దూది లాంటి తెల్లటి పొడే. పక్కపక్కన పెడితే చేసిన నాకే తేడా తెలియదు.

తప్పు బెంగళూరు పోయే రోజు పొద్దున చేశాను. సీసాల మీద వేలిముద్రలున్నాయని స్పిరిట్ ముంచిన దూదితో తుడిచాను. మార్కరు పెన్నుతో రాసింది స్పిరిట్‌కు పోతుందని ల్యాబులో అడుగుపెట్టిన మొదటివారమే నేర్పుతారు. పెన్సిల్‌తో కాగితం మీద రాసి అంటించాలి. రైలు హడావిడిలో బుద్ధి గడ్డితింది. మూడు, నాలుగు సీసాల మీద అంకెలు చెరిగిపోయాయి. అప్పటికే రెండూ స్టాండులోంచి బయట ఉన్నాయి. ఇది మూడు, అది నాలుగు అని నాకు గుర్తున్నట్టు రాసేసి, పెట్టెలో సర్దుకుని స్టేషనుకు పరిగెత్తాను.

గీతలు వచ్చాయి. ఒకటి, రెండు సీసాల్లో కొమ్మల గీత నిలువుగా లేచింది. మూడులో లేదు. నాలుగులో లేచింది. ఐదు, ఆరులో లేదు.

చూడగానే నాకు అర్థమైంది, రెండూ తారుమారు చేశానని. గైడు గారికి చెప్పాను. ఆయన ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచారు. "తారుమారు అయిందని ఎట్లా చెబుతున్నావు? నీకు కావలసిన జవాబు వస్తుంది కాబట్టేగా? అనుకూలంగా ఉందని లేబుల్ మార్చేదానికి యంత్రం ఎందుకు?" ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అవ్వ కాయల్లో మూడో సీసా మిగతా రెండింటితో కలవలేదంటే తేడా ఉన్నట్టూ చెప్పలేం, లేనట్టూ చెప్పలేం. కాయలు అయిపోయాయి. మళ్ళీ చేయాలంటే మళ్ళీ పంట రావాలి. కిష్ణప్పకు నర్సరీ నుంచి హైబ్రిడ్ నారు సోమవారం దిగుతుంది.

అది శుక్రవారం. ఆ రాత్రి ఏడ్చాను, దాచుకోవడం దేనికి. నా థీసిస్ కోసం కాదు. థీసిస్ ఇంకో ఏడాది ఆలస్యమైతే కొంప మునగదు. ఎవరో తరతరాలుగా కాపాడుకున్న విత్తనాన్ని నేను దూదిముక్కతో తుడిచిపారేశాను.

శనివారం పొద్దున్నే కుప్పంలో బస్సెక్కాను. నేరుగా పోయి నిజం చెప్పాలని. కిష్ణప్పకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆరు సీసాలూ పెట్టెతో సహా సంచిలో ఉన్నాయి. అడుగున కాస్త కాస్త పొడి మిగిలింది. చూపిస్తానని మాట ఇచ్చాను కదా, అదైనా నిలబెట్టుకుందామని.

బస్సు దిగగానే అమ్మకు మెసేజ్ పెట్టాను, మధ్యాహ్నం అన్నానికి వస్తానని. అందులో సమయం పదీ యాభై. ఇంటిదగ్గరికి నడిచేసరికి పదకొండు దాటి ఉంటుంది. ఎండ బాగా ఉంది.

నంజమ్మవ్వ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె వెనక ఇంటి తలుపుకు తాళం వేసి ఉంది. కోడలు పొలానికి పోయుంటుందిలే అనుకున్నాను. "నంజమ్మవ్వా" అని పిలిస్తే నావైపు తిరిగి చూసింది. నోరు విప్పలేదు. సన్నబడినావనలేదు, కాపురం మాట ఎత్తలేదు. రిపోర్టు సంగతి ఎట్లాగో తెలిసిపోయి కోపంగా ఉందనుకున్నాను.

పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. స్పిరిట్ సంగతి, అంకెల సంగతి, గైడు గారు అన్నది. "తప్పు నాదే అవ్వా, నన్ను తిట్టు" అన్నాను. తిట్టలేదు. వింటూ ఉంది. నేను పెట్టె తీసి మూత తెరిచి, ఇదిగో నువ్వు చూస్తానన్న పొడి ఇదే అని ఆమె ముందు పెట్టాను.

ఆమె ఎడమచెయ్యి చాచింది. కుడిచెయ్యి ఒళ్ళో అట్లాగే ఉంది. ఎప్పుడూ ఎడమచేత్తో ఏదీ ముట్టని మనిషి, ఇదేమిటా అనుకున్నాను. ఒక్కో సీసానూ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నెమ్మదిగా తిప్పింది. మూత తీయలేదు. కొన్నిటిని తిరిగి పెట్టెలో పెట్టింది, కొన్నిటిని మోకాలి పక్కన పెట్టుకుంది. చివరికి మోకాలి పక్కన మూడు మిగిలాయి. రొంటిన దోపుకున్న పాత గుడ్డపీలిక తీసి, ఆ మూడింటినీ అందులో పెట్టి, ఒక కొస పళ్ళతో పట్టుకుని ఎడమచేత్తో ముడి వేసింది. నా అరచేతిలో పెట్టింది.

అప్పుడు ఆమె వేళ్ళు నాకు తగిలాయి. చల్లగా లేవు, కాలడమూ లేదు, మామూలుగా ఉన్నాయి. అడిగేవాళ్ళుంటారని రాస్తున్నాను.

నేను పెట్టెలో చూశాను. మిగిలినవి మూడు, ఐదు, ఆరు. అంటే ఆమె ఏరినవి ఒకటి, రెండు, నాలుగు. ఆమెకు చదువు రాదు, అంకెలూ రావు. ఊరికే మూడు తీస్తే సరిగ్గా ఆ మూడే రావడానికి ఇరవైలో ఒక్క అవకాశం ఉంటుంది. లెక్క నేను అక్కడే వేసుకున్నాను, అది నా జబ్బు. అవకాశమైతే ఉంది కదా అని కూడా అనుకున్నాను. కానీ లోపల మాత్రం పట్టరాని సంతోషం.

పన్నెండు గంటల బస్సు పోతే మళ్ళీ రెండు గంటలు ఆగాలి. "వస్తా అవ్వా, కిష్ణప్పన్నకు నేనే ఫోన్ చేసి సెప్తా" అని లేచాను. ఆమె చూస్తూ ఉంది తప్ప మాట్లాడలేదు. ఇంకా కోపం పోలేదనుకుని రోడ్డువైపు గబగబా నడిచాను.

మదనపల్లెలో అమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి మూడైంది. ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. నేను ఉత్సాహంగా జరిగింది చెబుతున్నాను. అమ్మ ఊరి పేరు అడిగింది. కొడుకు పేరు అడిగింది. తర్వాత చెయ్యి కంచంలో ఆపేసింది.

"ఏం మాట్లాడతాండావే నువ్వు? ఆ నంజమ్మ నిన్న సాయంత్రం నుంచి నా వార్డులోనే ఉండాది. పక్షవాతం. మాట పడిపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. పదకొండు గంటలకు సెలైన్ మార్చింది నేనే. నువ్వు ఎవుర్ని సూసొస్తివి?"

కుడిచెయ్యి అనగానే నాకు అరుగు మీద ఆమె చాచిన ఎడమచెయ్యి గుర్తొచ్చింది. అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు, వేళాకోళం ఆడే మనిషి అసలే కాదు. ఇద్దరం అట్లాగే లేచి ఆసుపత్రికి పోయాం.

ఆమే. కళ్ళు మూసుకుని ఉంది. ఎడమచెయ్యి దుప్పటి బయట ఉంది. మంచం పక్క కాగితంలో ముందురోజు సాయంత్రం చేర్చినట్టు రాసి ఉంది.

కిష్ణప్ప వరండాలో నేలమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "రిపోర్టు వచ్చిందామ్మా? మా యమ్మ పడిపోయేదానికి ముందు కూడా అదే అడిగింది. ఆ పాప వచ్చినంక నారు దించురా అనె."

"తేలలేదన్నా. తప్పు నాదే" అన్నాను. సంచిలోంచి ఆ గుడ్డమూట తీసి అతని చేతిలో పెట్టాను.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక కొస పట్టుకుని లాగితే ముడి ఒక్కసారిగా విడిపోయింది. నేను బస్సులో ఎంత గింజుకున్నా రాలేదు. "ఇది మా యమ్మ ఇత్తనాలకేసే ముడి" అన్నాడు. "ఎప్పుడిచ్చె నీకు?"

అబద్ధం ఆడొచ్చు. పోయిన నెల ఇచ్చిందంటే సరిపోయేది. కానీ అప్పటికే ఒక తప్పు చేసి ఉన్నాను. ఈ రోజు పొద్దున, మీ అరుగు మీద అని చెప్పాను. సీసాలు ఏరిన సంగతి చెప్పాను. అతను వాదించలేదు. గోడకు తల ఆనించి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మా అమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

కాసేపటికి కండువాతో ముఖం తుడుచుకుని నర్సరీవాళ్ళకు ఫోన్ చేశాడు. నాలుగు సాళ్ళకు సరిపడా నారు తగ్గించమన్నాడు. నేను కంగారుపడ్డాను. "అన్నా, ఇది రిపోర్టు గాదు. దీన్ని నేను యాడా రాయలేను."

"నువ్వు రాసుకునేది నువ్వు రాసుకోమ్మా" అన్నాడు. "మా యమ్మ ఏరిపెట్టింది. నేను నాటతా."

నంజమ్మవ్వ ఆదివారం మధ్యాహ్నం పోయింది. మేము చర్చి నుంచి వచ్చేసరికి కబురు వచ్చింది. సోమవారం దిగాల్సిన నారు వారం తర్వాత దించుకున్నారు.

వాళ్ళింటికి పలకరించడానికి పోయినప్పుడు ఎదురింటి ఆవిడను పక్కకు పిలిచి అడిగాను, ఆ శనివారం పొద్దున అరుగు మీద ఎవరైనా ఉన్నారా అని. ఆమె నన్ను వింతగా చూసింది. "నువ్వే గదా ఉండింది. ఒక్కదానివే కూసోని మాట్లాడతాంటివి. సెవిలో వైరు పెట్టుకోని ఫోన్లో మాట్లాడతాండావనుకుంటి. ఇంటికి బీగమేసింటే యాల కూసున్యాదబ్బా అని కూడా అనుకుంటి."

థీసిస్‌లో నేను గైడు గారు చెప్పినట్టే రాశాను. మూడు, నాలుగు నమూనాల గుర్తింపు సందేహాస్పదం, అందువల్ల పక్కన పెట్టడమైనది. కిష్ణప్ప నాలుగు సాళ్ళలో కాసిన కాయలతో మళ్ళీ మొదటినుంచి చేశాను. ఈసారి పెన్సిల్‌తో రాసిన కాగితం, దానిమీద టేపు. మూడింటిలోనూ గీత లేచింది. హైబ్రిడ్‌లో ఒక్కదాంట్లోనూ లేదు. నేను అంకెలు తారుమారు చేసిన మాట నిజమని దానితో తేలినట్టే. గైడు గారు సంతోషించారు. ఆ అరుగు సంగతి ఆయనకు ఈ రోజుకీ చెప్పలేదు.

నాకు నేను చెప్పుకున్న కారణాలు చాలా ఉన్నాయి. రాత్రంతా నిద్రలేదు, ఎండలో నడిచాను. నాలుగో సీసా ఆమెదేనని నాకు ముందే అనుమానం. నా బుర్రే ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, నా చేతే సీసాలు ఏరించి ఉండొచ్చు. పాత గుడ్డపీలికలు ఏ అరుగు మీదైనా పడుంటాయి. ఇంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఆ ముడి వేయడం నాకు రాదు. కిష్ణప్ప రెండుసార్లు నేర్పినా రాలేదు. ఆమె కుడిచెయ్యి పడిపోయిందని ఆ పొద్దున నాకు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఈ రెండూ ఎక్కడ ఇమడ్చాలో నాకు తెలియడం లేదు. అమ్మను అడిగితే ప్రార్థన చేసుకో అంటుంది, ఆ పైన మాట మార్చేస్తుంది.

అది ఏమిటో నాకు తెలియదు. తెలియదని రాయడానికి సిగ్గు కూడా లేదు. నన్ను బాధపెట్టేది వేరే. ఆమె పలకకపోతే కోపమనుకున్నాను. మాట పడిపోయిన మనిషి అని తెలియదు. ఇంకో రోజే ఉంటుందని తెలియదు. బస్సుకు ఆలస్యమవుతోందని ఆమె ముఖమైనా సరిగ్గా చూడకుండా లేచి వచ్చేశాను. తెలిసుంటే ఆ బస్సును పోనిచ్చి, ఇంకాసేపు ఆమె పక్కన కూర్చునేదాన్ని.